సముద్రానికి అభయ శాసనం: ఖోర్ ఫక్కాన్ తీరం చెప్పే చరిత్ర

తెలుగువారికి సముద్రం కొత్త కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్నదని బడిలో చదువుకున్నవాళ్ళం. ఘంటసాల, మోటుపల్లి, మచిలీపట్నం, కోరంగి అంటూ రేవుల పేర్లు వల్లె వేసినవాళ్ళం. అయితే మనం చదువుకున్న ఆ చరిత్ర అంతా ఓడలది, వర్తకులది, రాజులది. ఓడ కింద ఉన్న నీటికి కూడా ఒక చరిత్ర ఉంటుందని, ఆ నీటిలో బతికే జీవాలకు మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటాయని ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ వ్యాసం రాస్తున్నాము. అందుకు దూరం పోనక్కర లేదు. షార్జా నుంచి కొండల నడుమ దారిలో గంట ప్రయాణం చేస్తే వచ్చే ఖోర్ ఫక్కాన్ చాలు. సెలవు రోజున పులిహోర డబ్బాలు సర్దుకొని, పిల్లలను వెంటబెట్టుకొని మనలో చాలామంది వెళ్ళే తీరమే అది.

మోటుపల్లి నాటి మాట

ముందుగా మన ఊరి కథ ఒకటి. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో ఉంది. చరిత్రకారులు ఆ శాసనాన్ని అభయ శాసనం అంటారు. అంతకు పూర్వం గాలివానకు దారి తప్పి, ఓడ పగిలి, ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరకును ఆ తీరపు పాలకులు స్వాధీనం చేసుకునేవారు. సముద్రం సగం దోస్తే మిగిలిన సగం రాజు దోచేవాడన్నమాట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని దేశదేశాల నావికులకు రాతిమీద మాట ఇచ్చాడు.

ఆ రోజుల్లో సముద్రం బలమైనది, ఓడ బలహీనమైనది. కొయ్య ఓడ, తెరచాప, చుక్కలు చూసి దారి పట్టే సరంగు. అందుచేత అభయం ఓడకు కావలసివచ్చింది. నేడు ఆ పరిస్థితి తిరగబడింది. ఒక పెద్ద ట్యాంకరు రెండు లక్షల టన్నులకు పైబడిన ముడి చమురు మోస్తుంది. దాని అడుగు చిరిగినా, నడిపేవాడు ఒక్క క్షణం ఏమరినా, మైళ్ళ కొద్దీ తీరం నల్లబడుతుంది. ఇప్పుడు అభయం అడిగే వంతు సముద్రానిది. ఆ అభయం ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఇచ్చిన మాట ఎప్పటికి అమలైంది అన్నదే ఖోర్ ఫక్కాన్ కథ.

రెండు దవడల రేవు

అరబ్బీలో ఖోర్ ఫక్కాన్ అంటే రెండు దవడల పాయ అని అర్థం చెబుతారు. హజర్ కొండలు నీటిదాకా దిగివచ్చి, రెండు కొమ్ములు చాచి, మధ్యలో లోతైన అఖాతాన్ని కాపాడుతున్నట్టు ఉంటాయి. ఈ ఊరు షార్జా ఎమిరేటుదే అయినా షార్జా నగరం ఉన్న వైపు లేదు. దేశానికి తూర్పున, ఒమన్ సింధుశాఖ ఒడ్డున, ఫుజైరా ఎమిరేటు నేలల నడుమ ఉంది. అంటే హోర్ముజ్ జలసంధికి బయట, హిందూ మహాసముద్రం వైపు ముఖం పెట్టుకొని ఉంది. పాఠకులు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే తక్కిన చరిత్ర అంతా సులభంగా బోధపడుతుంది. గల్ఫు ఒక పెద్ద ఇల్లు అనుకుంటే ఖోర్ ఫక్కాన్ దాని వీధి అరుగు. లోపలికి పోయే ప్రతివాడూ ఆ అరుగు ముందు నుంచే పోవాలి. బయటికి వచ్చే ప్రతివాడూ అక్కడే కాళ్ళు దులుపుకుంటాడు.

1507లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ హోర్ముజ్‌ను లొంగదీయడానికి పోతూ దారిలో ఈ పట్నాన్ని దోచి తగలబెట్టాడు. అప్పటికే ఇక్కడ గుజరాత్ వర్తకులు ఉండేవారని పోర్చుగీసు రాతలు చెబుతున్నాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల కాలాన మచిలీపట్నం నుంచి ఓడలు పర్షియా రేవు బందర్ అబ్బాస్‌కు సాగేవి. కలంకారీ బట్టకు అక్కడ గిరాకీ మెండు. బందర్ అబ్బాస్ జలసంధి ఒడ్డునే ఉన్నది గనుక ఆ ఓడలు ఒమన్ సింధుశాఖ నీళ్ళ మీదుగానే పోయి ఉండాలి. అంటే మన బందరు సరకుకు ఈ దారితో పరిచయం మూడు వందల ఏళ్ళ పైమాటే.

ఇక మనకు దగ్గరి కాలం. 1960లలో భారతదేశపు పడమటి తీరం నుంచి లాంచీల్లో బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారిని చాలామందిని ఈ ఖోర్ ఫక్కాన్ ఒడ్డునే దింపేవారు. వారిలో మలయాళీ సోదరులు ఎక్కువ. ఆ తరువాతి దశాబ్దాల్లో కోనసీమ నుంచి, కరీంనగర్ నుంచి, నిజామాబాద్, కడప నుంచి మనవాళ్ళు విమానాల్లో వచ్చారు. వచ్చినవారంతా ఏ పని చేసినా, దాని వెనుక డబ్బు చమురుది, ఓడలది. ఈ సంచిక చేతబట్టుకున్న మన కుటుంబాల చదువులు, పెళ్ళిళ్ళు, ఊళ్ళో కట్టిన డాబాలు అన్నిటిలో ఆ నీటి పాలు ఉంది. అందుకే ఈ కథ మనకు పరాయి కథ కాదు.

తారు ఉండలు ఎక్కడివి?

గల్ఫు ఒడ్డున చమురు ఎగుమతి పెరిగినకొద్దీ ఈ తూర్పు తీరపు ఇసుకలో నల్లని తారు ఉండలు కనబడసాగాయి. కాలికి అంటుకుంటే ఒక పట్టాన వదలవు. ఓడలేవీ మునగకపోయినా అవి ఎందుకు వచ్చాయి? ఈ ప్రశ్నకు సమాధానం పిల్లలు కూడా తెలుసుకోదగ్గది.

సరకు దింపి తిరిగివచ్చే ట్యాంకరు ఖాళీగా వస్తే అలలకు నిలకడ ఉండదు. బరువు కోసం అందులో సముద్రపు నీరు నింపుకోవాలి. దీన్ని బ్యాలస్టు నీరు అంటారు. పూర్వపు ట్యాంకర్లలో ఈ నీటికి వేరే గదులు లేవు. నూనె మోసిన తొట్లలోనే నింపేవారు. గోడలకు అంటిన మడ్డి ఆ నీటిలో కలిసేది. కొత్త నూనె నింపుకోవాలంటే ముందు ఆ మురికి నీటిని పారబోయాలి. జలసంధిలోకి అడుగుపెట్టే లోపల పారబోయడానికి వీలైన చోటు ఏది? ఈ వీధి అరుగే. పారబోసిన నూనెలో తేలికపాటి భాగం ఎండకు ఆవిరయ్యేది. బరువైన భాగం ముద్దకట్టి, గాలివాటున ఒడ్డుకు చేరేది.

ఇందులో కంటికి కనబడే తారు కంటే కనబడని నష్టం పెద్దది. చేపల గుడ్లు, పిల్ల చేపలు, వాటికి ఆహారమైన సూక్ష్మ ప్లవకాలు నీటి పై పొరలోనే ఎక్కువగా ఉంటాయి. నూనె తెట్టె కూడా అక్కడే నిలుస్తుంది. నూనెలో కరిగే విష పదార్థాలు పెద్ద చేపను చంపకపోయినా గుడ్డును పాడుచేయగలవు. పంట చేనులో నారుమడి తగలబడితే ఏమవుతుందో ఇదీ అంతే. ఆ ఏడు ఏమీ తెలియదు. కోతల నాటికి తెలుస్తుంది.

ముప్పై అయిదేళ్ళు ఆగిన మాట

1973లో లండన్‌లో ప్రపంచ దేశాలు కూడి, ఓడల వల్ల సముద్రం చెడకుండా ఒక ఒడంబడిక రాసుకున్నాయి. మార్పోల్ అని దానికి పేరు. అందులో కొన్ని సముద్రాలను ప్రత్యేక ప్రాంతాలుగా ఎంచారు. మధ్యధరా, బాల్టిక్, నల్ల సముద్రం, ఎర్ర సముద్రంతో పాటు గల్ఫు కూడా ఆ జాబితాలో ఉంది. ఒమన్ దేశపు రాస్ అల్ హద్ దాకా గీత గీసి ఒమన్ సింధుశాఖను కూడా అందులో చేర్చారు గనుక మన ఖోర్ ఫక్కాన్ ఎదుటి నీరూ వచ్చింది. ప్రత్యేక ప్రాంతంలో ట్యాంకరు తన సరకు తొట్ల మురికిని ఒక్క చుక్క కూడా సముద్రంలో వదలరాదు. నిజంగా ఇది సముద్రానికి రాసిన అభయ శాసనమే.

అయితే ఒక షరతు పెట్టారు. ఓడలు ఆ మురికి నీటిని ఎక్కడో ఒకచోట దింపాలి కదా? అందుకు తగిన ఏర్పాట్లు రేవుల్లో ఉన్నాయని తీర దేశాలు తెలియజేసిన తరువాతనే ఆ కట్టడి అమలులోకి వస్తుంది. 1978లో ఈ ప్రాంతపు ఎనిమిది దేశాలు కువైట్‌లో కూడి తమ సముద్రాన్ని కాపాడుకుంటామని మరో ఒడంబడిక చేసుకున్నాయి. ఇరాన్, ఇరాక్ రెండూ అందులో ఉన్నాయి. రెండున్నర ఏళ్ళు తిరిగేసరికి, 1980లో, ఆ రెండు దేశాలే యుద్ధానికి దిగాయి. ఓడల మురికి మాట వెనకబడింది.

ఈ నడుమనే ఖోర్ ఫక్కాన్ పెరిగింది. 1979లో ఇక్కడ కంటెయినరు రేవు మొదలైంది. జలసంధికి బయట ఉండటమే దాని అదృష్టం. యుద్ధం ముదిరి ట్యాంకర్ల మీద దాడులు సాగిన కాలంలో లోపలికి పోవడానికి వెరచిన ఓడలు ఈ తీరం ఎదుటనే లంగరు వేసి నిలబడేవి. 1987 ఆగస్టులో ఆ యుద్ధం ఇక్కడికే వచ్చింది. ఫుజైరా ఎదుటి నీళ్ళలో టెక్సాకో కరీబియన్ అనే ట్యాంకరు సముద్రపు మందుపాతరకు తగిలి నూనె కారింది. అయిదు రోజుల తరువాత అనీటా అనే చిన్న ఓడ మరో మందుపాతరకు తగిలి మునిగింది.

యుద్ధం ఆగినా ఓడల రద్దీ తగ్గలేదు. 1994 మార్చి నెలాఖరున ఫుజైరాకు తొమ్మిది మైళ్ళ దూరంలో సెకి, బేనూనా అనే రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. సెకి తొట్టి చిరిగి సుమారు 16,000 టన్నుల ముడి చమురు సముద్రం పాలైంది. గాలి మళ్ళేసరికి అది ఫుజైరాకు ఉత్తరాన ఉన్న తీరం వైపు వచ్చింది. ఖోర్ ఫక్కాన్ ఉన్నది ఆ దారిలోనే. ఇక్కడి జాలరులు మన కోస్తాలో అలివి వల లాగినట్టే ఒడ్డున నిలబడి పెద్ద వల లాగి కవ్వలు పడతారు. పట్టిన కవ్వలను ఇసుకలో ఎండబెట్టి పశువుల మేతకు, తోటల ఎరువుకు వాడటం ఈ తీరపు పాత ఆచారం. ఒడ్డు నల్లబడితే వల వేసేది ఎక్కడ? ఎండబెట్టేది ఎక్కడ?

ఇంతకూ ఆ లండన్ మాట మన గల్ఫుకు ఎప్పుడు అమలైంది? 2008 ఆగస్టు 1న. మాట ఇచ్చిన 1973 నుంచి లెక్కిస్తే ముప్పై అయిదేళ్ళు. ఒక తరం పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకునేంత కాలం.

ఎర్రపోటు వచ్చిన ఏడు

విధి విచిత్రమనాలి. ఆ కట్టడి అమలులోకి వచ్చిన రోజుల్లోనే ఈ తూర్పు తీరాన మరో ఆపద తల ఎత్తింది. 2008 ఆగస్టు ప్రాంతంలో నీరు తుప్పు రంగుకు తిరిగింది. ఎర్రపోటు అనే ఈ వింతకు కారణం కోక్లోడీనియం అనే కంటికి ఆనని ప్లవకం. అది కోట్లకు కోట్లు పెరిగి, చేపల మొప్పలకు జిగురు పట్టించి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. ఈ జాతి అంత ఉధృతంగా ఈ ప్రాంతంలో కనబడటం అదే మొదలు. 2009 మే దాకా, ఎనిమిది నెలల పైన, అది ఒమన్ సింధుశాఖ నుంచి జలసంధి దాటి గల్ఫు లోపలికీ పాకింది. వేల టన్నుల చేపలు చచ్చాయి. వేట ఆగింది.

పగడపు దిబ్బలకు అది గోరుచుట్టు మీద రోకటి పోటు అయింది. 2007 జూన్‌లో గోను తుపాను ఈ తీరపు దిబ్బలను విరగగొట్టిపోయింది. అవి కోలుకోక ముందే ఎర్రపోటు వచ్చింది. శాస్త్రజ్ఞులు పరిశీలించిన చోట్ల కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడాలు పూర్తిగా నశించాయని, వాటిని ఆశ్రయించుకున్న చేపల సంఖ్య, రకాలు బాగా తగ్గిపోయాయని తేలింది. పగడపు దిబ్బ అంటే చేపలకు ఊరు లాంటిది. ఊరు పాడుబడితే జనం ఉంటారా?

ఈ ఎర్రపోటు ఎందుకు వచ్చింది? మురుగు నీరు, ఎరువుల సారం సముద్రంలో కలిసి దానికి మేత అయ్యాయన్న వాదం ఉంది. లోతు నుంచి పైకి ఉబికే చల్లని నీరు తోడ్పడిందన్న వాదం ఉంది. దూరదేశపు ఓడలు పారబోసిన బ్యాలస్టు నీటితో ఆ ప్లవకం ఇక్కడికి వచ్చి ఉండవచ్చునన్న అనుమానం కూడా ఉంది. తారు ఉండలను తెచ్చిన బ్యాలస్టు నీరే మరో రూపంలో మళ్ళీ ముద్దాయిల వరసలో నిలబడింది. ఆ నీటిని శుద్ధి చేసి గాని వదలరాదన్న ఒడంబడికను 2004లో రాశారు. అది అమలులోకి వచ్చింది 2017 సెప్టెంబరు 8న. అక్కడా పదమూడేళ్ళు.

ఎర్రపోటు ఒక పాఠం మాత్రం అందరికీ నేర్పింది. ఈ దేశంలో తాగే నీటిలో ఎక్కువ భాగం సముద్రం నుంచి ఉప్పు తీసి తయారుచేసినదే. ప్లవకం జిగురు ఆ కర్మాగారాల జల్లెళ్ళకు అడ్డుపడి కొన్నిటిని ఆపవలసివచ్చింది. మనం ఇడ్లీ పిండి రుబ్బే నీరు, పసిపిల్లకు పట్టే నీరు, వినాయకుడికి అభిషేకం చేసే నీరు సముద్రపు నీరే. ఉప్పు తిన్న ఇంటికి కీడు తలపెట్టరాదని మన పెద్దలు అనేవారు. ఈ సముద్రం ఉప్పునే కాదు, ఉప్పు తీసిన నీటిని కూడా మనం తాగుతున్నాం.

తాబేలు కడుపులో

నూనె, ఎర్రపోటు తరువాత మూడవది ప్లాస్టిక్. ఇది ఓడలతో పాటు ఒడ్డు నుంచి, మన చేతుల నుంచి కూడా పోతుంది. షార్జా పర్యావరణ అధికార సంస్థ శాస్త్రజ్ఞులు ఈ తీరంలో చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చిన తాబేళ్ళను కోసి చూసి 2021లో ఫలితాలు ప్రకటించారు. పచ్చ తాబేళ్ళలో 75 శాతం, లాగర్‌హెడ్ జాతి తాబేళ్ళలో 57 శాతం సముద్రపు చెత్త మింగి ఉన్నాయి. ప్లాస్టిక్ సంచులు, సీసాల మూతలు, వల తాళ్ళు. నీటిలో తేలే సంచి తాబేలు కంటికి జెల్లీ చేపలా కనబడుతుంది. మింగితే అరగదు, బయటికి పోదు. కడుపు నిండిందనుకొని ఆకలితోనే చచ్చిపోతుంది.

మన ఆంధ్ర తీరానికి కూడా చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మర పడవల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన వాటిని శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒడ్డున చూస్తూనే ఉన్నారు. మన విష్ణుమూర్తి రెండవ అవతారానికి మన రెండు తీరాల్లోనూ ఇదే గతి పట్టింది.

మంచి మాటలు లేకపోలేదు. ఖోర్ ఫక్కాన్‌కు దక్షిణాన ఉన్న కల్బా మడ అడవిని షార్జా ప్రభుత్వం 2012లో రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 2013లో అది అంతర్జాతీయ రామ్సార్ జాబితాకు ఎక్కింది. మన కోరంగి మడ అడవి గోదావరి ముఖాన చేసే పనినే అది ఇక్కడ చేస్తున్నది: అల తాకిడి ఆపడం, పిల్ల చేపలను పెంచడం. 2024 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులను నిషేధించారు.

అయినా కాపలా సడలించే రోజు రాలేదు. 2025 జూన్ 17న ఇదే సముద్రంలో అడలిన్, ఫ్రంట్ ఈగిల్ అనే రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. మంటలు లేచాయి. అడలిన్ మీద ఉన్న 24 మందిని కాపాడి ఖోర్ ఫక్కాన్ రేవుకే చేర్చారు. అదృష్టవశాత్తు ఆ ఓడ ఖాళీగా ఉంది. రెండవదానిలో ఇరవై లక్షల బ్యారెళ్ళ ముడి చమురు ఉంది. 1994లో ఒలికిన దానికి అది ఎన్నో రెట్లు. అది ఒలకలేదు గనుక నాలుగు రోజుల్లో అందరూ మరచిపోయారు. ఒలికి ఉంటే కవ్వలు, పగడాలు, తాబేళ్ళు, మన కుళాయి నీళ్ళు ఏమయ్యేవో పైన చెప్పుకున్న చరిత్రే చెబుతుంది.

మన వంతు

అభయ శాసనాలు రాతిమీదనో కాగితం మీదనో రాస్తే చాలదు. మోటుపల్లి శాసనానికి విలువ వచ్చింది సుంకం అధికారి దాన్ని పాటించినందుకు, ఓడవాళ్ళు దాన్ని నమ్మినందుకు. సముద్రానికి రాసిన శాసనం ముప్పై అయిదేళ్ళు ఆగిందంటే, అడిగేవాళ్ళు లేకపోవడమూ ఒక కారణమే. చేపకు నోరు లేదు. పగడానికి కాళ్ళు లేవు. అడగవలసినది ఆ నీరు తాగేవాళ్ళే.

మనలో రేవుల్లో పనిచేసేవారున్నారు, ఓడల మీద ఇంజనీర్లున్నారు, చమురు సంస్థల్లో, నీటి కర్మాగారాల్లో ఉద్యోగులున్నారు. తమ చేతి కింద పోయే నీరు ఏ నీరు, ఎక్కడికి పోతున్నది అని ఒక్క పూట ఆరా తీయడం వారికి పెద్ద పని కాదు. ఇంట్లో ఉన్నవారికి కూడా పని ఉంది. వచ్చే సెలవుకు ఖోర్ ఫక్కాన్ పోయినప్పుడు, తెచ్చుకున్న సంచులు, సీసాలు తిరిగి ఇంటికే చేర్చుదాం. పిల్లలు ఇసుకలో గూళ్ళు కట్టుకుంటూ ఉంటే పక్కన కూర్చొని ఈ కథ చెబుదాం: ఈ కొండ కొమ్ముల మధ్య అల్బుకెర్క్ ఓడలు దిగిన సంగతి, ఈ సముద్రం మీదుగా బందరు కలంకారీ పోయిన సంగతి, ఈ నీరు ఒక ఏడు ఎర్రబడి ఊరిని దాహంతో భయపెట్టిన సంగతి.

బలవంతుడు బలహీనుడికి ఇచ్చేదే అభయం. గణపతిదేవుడి నాడు రాజు బలవంతుడు. నేడు ఈ నీటి ముందు మనమే బలవంతులం.